రెండో పళ్ళెం

మా ఆయన తెలుగు సంఘానికి పాస్టరు. బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, మార్కెట్టుకు రెండు వీధుల అవతల, పెంకుల కప్పు వేసిన చిన్న గుడి మాది. గుడిని ఆనుకునే మా ఇల్లు. ఆయన్ని అందరూ అయ్యగారనేవాళ్ళు, నన్ను అమ్మగారనేవాళ్ళు. ఇరవై ఏళ్ళకు చిత్తూరు జిల్లా పల్లెనుంచి కాపురానికి వచ్చిన నాకు, ఆ పిలుపు మొదట్లో నా వెనక నిలబడ్డ ఇంకెవరినో పిలిచినట్టు ఉండేది. పందొమ్మిదివందల యాభైల మొదట్లో మాట ఇది.

సంఘంలో అరవై ఇళ్ళు ఉంటాయేమో. ఫ్యాక్టరీ గుమాస్తాలు, బడిపంతుళ్ళు, నర్సులు, మిల్లు పనివాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, మార్కెట్టులో అరవం. మా ఆయన రాకముందు, ఆరాధనలో కన్నడ పాటలు పాడాలా వద్దా అన్న తగాదాతో ఆ సంఘం రెండుగా చీలిందట. ఒకింట్లో అన్న చనిపోతే వీధి అవతల ఉన్న తమ్ముడు సమాధికి రాలేదట. మా ఆయన సైకిలు వేసుకుని మూడేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ఒకరి కోపం ఇంకొకరికి చేరకుండా మధ్యలోనే మింగేసి, అందరినీ మళ్ళీ ఒక కప్పు కిందకు తెచ్చారు. ఆయన జీవితంలో చేసిన పెద్ద పని అదే. పోట్లాటంటే ఆయనకు భయమని నేననను. పోట్లాట అయిపోయాక ఏం మిగులుతుందో ఆయన దగ్గరగా చూశారు, అంతే.

నా మొదటి కాన్పు సర్కారు ఆసుపత్రిలో. ఆ రోజు నర్సులు చాలక వార్డంతా అరుపులుగా ఉంది. నొప్పులు ఎక్కువై నేను మంచం కమ్మి పట్టుకుని ఏడుస్తుంటే, నేల ఊడుస్తున్న ఒకామె చీపురు గోడకు ఆనించి, వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆ ఇనుము వదిలిపెట్టు తల్లీ. నా చెయ్యి పట్టుకో. గట్టిగా పట్టుకో, ఇరగదులే."

రెండు గంటలు ఆమె చెయ్యి వదల్లేదు నేను. బిడ్డ పుట్టాక చూస్తే ఆమె మణికట్టు మీద నా గోళ్ళ గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. ముప్పై అయిదేళ్ళుంటాయి ఆమెకు. భర్త లేడు, ఒక్క కూతురు. మేమెవరమో తెలిశాక నవ్వింది.

"మేమూ మీ దేవుణ్ణే మొక్కేది అమ్మగారూ. సాయంత్రం కూటానికి పోతాము."

పారిశుద్ధ్యం పనివాళ్ళ కాలనీ మా గుడికి అరమైలు. అక్కడి క్రైస్తవులకు మా బడిగదిలో ఆదివారం సాయంత్రం ఒక ఉపదేశి కూటం పెట్టేవాడు. వాళ్ళు పొద్దున ఆరాధనకు రారు. రాకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు. అది అట్లా నడిచిపోతోంది. నేను వచ్చిన కొత్తలో ఒకసారి అడిగితే, "వాళ్ళకు పొద్దున డ్యూటీ" అని చెప్పారు. నమ్మాను.

"పొద్దున గుడికి రావచ్చు కదా నువ్వు?" అన్నాను, బిడ్డను పక్కలో పెట్టుకుని.

"పొద్దున మాది కాదు కదమ్మా."

"ఎవరిది మరి? రా. నా పక్కన కూచుందువుగాని."

బిడ్డ పుట్టిన సంతోషంలో నోటికొచ్చిన మాట అది. దాని బరువు నాకు తెలియదు. ఆమెకు తెలుసు కాబట్టే నాలుగు నెలలు రాలేదు. తర్వాత ఒక ఆదివారం, ఉతికిన తెల్లచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నా పక్కన కూచోలేదు. చిట్టచివరి బెంచీలో, తలుపు పక్కన కూచుంది. పాటలన్నీ పుస్తకం లేకుండా పాడింది.

నెలకొకసారి ప్రభువు బల్ల. రొట్టె ముక్క, ద్రాక్షారసం. ఒకటే గిన్నె ఉండేది, వెండిపూతది. అందరూ కొయ్య అడ్డుకంబం ముందు వరసగా మోకరిస్తే, మా ఆయన ఒక్కొక్కరి పెదవికి గిన్నె అందించి, అంచు గుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి, పక్కవాళ్ళకు పట్టేవారు. ఆమె చిన్నప్పుడే తమ ఊళ్ళో బాప్తిస్మం పొందింది. కొన్ని వారాలు మా ఆయన దగ్గర ఉపదేశం విన్నది. తర్వాత ఒక నెల బల్ల దగ్గరకు వచ్చింది. వరస నిండుతూ రావడంలో ఆమె పక్కన పడింది మా సంఘ పెద్ద భార్య.

పెద్దాయన రిటైరైన హెడ్‌గుమాస్తా. గుడికి పెంకులు మార్పించింది ఆయనే, బడి కమిటీ నడిపేది ఆయనే. చీలిన సంఘాన్ని కలిపేటప్పుడు మా ఆయనకు తోడు నిలిచిందీ ఆయనే. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని.

గిన్నె ముందు ఆసుపత్రి ఆమె దగ్గరకు వచ్చింది. తాగింది. మా ఆయన అంచు తుడిచి, తిప్పి, అక్క ముందు పట్టారు. అక్క పెదవులు బిగించి, గిన్నెకు తాకీ తాకనట్టు ముఖం వంచి వెనక్కి తీసుకుంది. లోపలి రసం కదల్లేదు. ఇద్దరు మనుషుల అవతల మోకరించిన నాకే కనబడింది. గిన్నె పట్టుకున్న ఆయనకు కనబడకుండా ఎట్లా ఉంటుంది? ఆమెకూ కనబడి ఉంటుంది. కళ్ళు మూసుకుని లేచి వెళ్ళి తన బెంచీలో కూచుంది.

మరుసటి రోజు పొద్దున పెద్దాయన మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగారు. బిడ్డను ఎత్తుకున్నారు. తర్వాత నిదానంగా అన్నారు.

"అయ్యగారూ, నేను ఎవర్నీ ఏమీ అంటాలేను, అది ముందే చెప్తాండాను. ఊరంతా క్షయ ఉండాది. ఇంతమంది ఒకే గిన్నెకు మూతి పెట్టేది ఈ కాలంలో యాడన్నా ఉండాదా? చిన్న చిన్న గాజు గ్లాసులు పెట్టేస్తే సరిపోయె. గలాటా లేదు."

"ఇన్నేళ్ళూ ఒకే గిన్నె కదండీ," అన్నారు మా ఆయన.

"ఇన్నేళ్ళూ మనకు తెలివి లేకుండె," అని పెద్దాయన నవ్వారు.

మా ఆయన సరేనన్నారు. క్షయ నిజమే. మా సంఘంలోనే ఇద్దరు పోయారు దానితో. పెద్దాయన వెళ్ళాక నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను.

"ఎందుకు అడిగారో మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి సరేనన్నారే?"

"గ్లాసయితే ఆమెకూ గ్లాసే, వాళ్ళకూ గ్లాసే. ఎవరి ముఖం మీదా ఏమీ అనకుండా జరిగిపోతుంది. నేను కాదన్నాననుకో, ఆరు ఇళ్ళు లేచిపోతాయి. మళ్ళీ ఆ సైకిలు తొక్కే ఓపిక నాకుందా చెప్పు?"

నాకూ అది తెలివైన పనిగానే తోచింది. ఆ మాట ఇప్పుడు దాచడం దేనికి?

గ్లాసులు వచ్చాయి, వాటిని పెట్టడానికి ఇత్తడి పళ్ళెం వచ్చింది. ఆరాధన అయ్యాక కడగడం నా పని. వద్దన్నా వినకుండా ఆమె వచ్చి సాయం చేసేది. నేను కడిగితే ఆమె గుడ్డతో తుడిచేది. ఆసుపత్రి కబుర్లు చెప్పేది. కూతురికి పెళ్ళి కుదిరిందని, అల్లుడు దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడని అక్కడే చెప్పింది.

మూడు నెలలకు అక్క ఒక ఎనామిల్ పళ్ళెం పట్టుకొచ్చింది, నీలం అంచుది. దాన్నిండా వేరే రకం గ్లాసులు, కొంచెం మందంగా.

"వెనక బెంచీల వాళ్ళకు దీంట్లో పెట్టు అమ్మగారూ. అన్నీ కలిపి కడిగితే ఏది ఎవరిదో తెలీదు, చూడు."

చెడ్డమనిషి కాదు అక్క. మా బిడ్డకు దగ్గొస్తే వాము కాచి పంపించేది, నాకు జ్వరమొస్తే రెండు పూటలా రాగిసంకటి, పులుసు పంపించేది. అంత మెత్తగా చెప్పింది ఆ మాట కూడా. నేను పళ్ళెం అందుకున్నాను. అందుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకోవడం ఎట్లాగో నాకు తెలియలేదు.

మా ఆయనకు చెబితే రాస్తున్న కలం కిందపెట్టారు. "ఈ ఒక్కటీ పోనీ. కొన్నాళ్ళకు వాళ్ళే మరిచిపోతారు," అన్నారు.

ఆ నెల బల్ల దగ్గర ముందు వరసలకు ఇత్తడి పళ్ళెం, చివరి వరసకు ఎనామిల్ పళ్ళెం. ఆ వెనక వరసలో ఆమె కాక మిల్లు పనివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆరాధన అయ్యాక ఆమె ఎప్పటిలాగే గుడ్డ తీసుకుని వచ్చింది. రెండు పళ్ళేలనూ చూసింది.

"ఈ రెండోది ఎవరికమ్మా?"

"మొదటిది చాలలేదు," అన్నాను.

ఆమె ఎనామిల్ పళ్ళెంలో గ్లాసులు తనే కడిగింది, తనే తుడిచింది, తనే విడిగా పెట్టింది. ఇత్తడి పళ్ళేన్ని ముట్టలేదు. తర్వాత నెలనుంచి సాయానికి రాలేదు. గుడికి మాత్రం వస్తూనే ఉంది.

మా ఆయనకు నిద్ర తగ్గింది, తిండి తగ్గింది. ఒకరోజు బిషప్పుగారి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పుకున్నారు. సాయంత్రం వచ్చి, చెప్పులైనా విడవకుండా వాకిట్లో కూచున్నారు.

"ఏమన్నారు?"

"చాలా బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నారు. కానీ సంఘం చీలితే నష్టపోయేది మొదట ఆ బీదవాళ్ళే అన్నారు. ఓర్చుకో, కాలమే మారుస్తుంది అన్నారు."

"మీరేమన్నారు?"

"సరేనని వచ్చాను," అన్నారు. చెప్పులు విడుస్తూ, "ఎవరు ఓర్చుకోవాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు," అన్నారు.

తర్వాత బల్ల ఆదివారం పొద్దున నేను గ్లాసుల కోసం బీరువా తెరవబోతే తాళం వేసి ఉంది. తాళంచెవి మా ఆయన దగ్గర ఉంది. నాకు ఏమీ చెప్పలేదు. గుడిలోకి వెళ్ళి చూస్తే బల్లమీద పాత గిన్నె ఒక్కటే ఉంది.

ప్రసంగం అయ్యాక ఆయన బల్ల వెనక నిలబడి, చాలా నెమ్మదిగా మొదలుపెట్టారు.

"ఈ రోజు గ్లాసులు లేవు. ఒకటే గిన్నె ఉంది. మన మధ్యకు వచ్చిన ఒక సోదరికి ఇన్ని నెలలుగా మనం చేస్తున్నది పాపం. అడిగినవాళ్ళు కొందరు. చేసినవాణ్ణి నేను. ఈ గిన్నె వద్దనుకునేవాళ్ళు బల్ల దగ్గరకు రావొద్దు." అని, చెయ్యి చాపి, "ఆ సోదరి ముందుగా రావాలి," అన్నారు.

పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. గుడి మొత్తం వెనక్కి తిరిగింది.

ఆమె లేచింది. అయ్యగారు పిలిస్తే లేవకుండా ఎట్లా? కొంగు తలమీదికి లాక్కుంది. రెండడుగులు వేసి, బెంచీ చివర పట్టుకుని ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోయి కూచోదు. అంతలో పెద్దాయన లేచారు. ఆయన వెనక అక్క, కొడుకులు, కోడళ్ళు. వాళ్ళను చూసి ఇంకో వరస లేచింది. బయటికి పోవాలంటే ఆమె నిలబడ్డ నడవలోంచే పోవాలి. ఆమె బెంచీకి అతుక్కుని ఒదిగి, వాళ్ళందరికీ దారి ఇచ్చింది. ఆఖరి మనిషి దాటేదాకా అట్లాగే నిలబడింది. తర్వాత పక్క తలుపులోంచి తనూ వెళ్ళిపోయింది.

నేనున్న బెంచీ నుంచి ఆమె దగ్గరకు పది పన్నెండు అడుగులు. బిడ్డ చంకలో ఉన్నా వెళ్ళొచ్చు. వెళ్ళి పక్కన నిలబడొచ్చు. గిన్నె పట్టుకున్న ఆయన చేతులనే చూస్తూ కూచున్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం కాలనీకి వెళ్ళాను. ఒక్కగది ఇల్లు. ఆమె డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. నాకు చాప వేసింది. తాను గడపమీద కూచుంది.

"అయ్యగారు నీకోసమే మాట్లాడారు," అన్నాను. "ఆయన చాలా నలిగిపోయారు."

"తెలుసమ్మా. అయ్యగారు మంచోరే." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "రెండో పళ్ళెం పెట్టేటప్పుడు నన్ను ఎవరూ అడగలా. తీసేసేటప్పుడూ అడగలా. పెట్టినప్పుడు నేనొక్కదాన్నే చూసుకుంటి. తీసేసేటప్పుడు ఊరంతా చూసె."

"నువ్వు మళ్ళీ రావాలి."

"యాడికి రానమ్మా? అందరూ నా ముఖం చూడను వస్తారు. నేను సుమ్నే, ఊరికే పాటలు పాడుకోను వస్తాంటి."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. లేచి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

అంతటితో అయిపోలేదు. ఆ వారంలోనే బడిగదికి కొత్త తాళం పడింది. కమిటీ తీర్మానం, మరమ్మతులున్నాయి అని కాగితం అంటించారు. కాలనీవాళ్ళ సాయంత్రం కూటానికి చోటు లేకుండా పోయింది. కొన్ని వారాలు కొళాయి దగ్గర ఆరుబయట కూచున్నారు. వానలు పట్టుకున్నాక అదీ ఆగిపోయింది. మా ఆయన తాళం తీయించడానికి తిరగని ఇల్లు లేదు. కమిటీలో అందరూ కూచోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

కాలనీలో తనవాళ్ళు ఆమెనే అన్నారు. "మనకున్న కూటం మనకు చాలదని పెద్దోళ్ళ గుడికి పోతివి, ఇప్పుడు చూడు," అని ఉపదేశి తల్లి కొళాయి దగ్గర అందరిలో అన్నదట. ఆ సంగతి నాకు చెప్పిందీ ఆ ముసలామే, నన్ను కూడా కలిపి తిడుతూ. రమ్మని పిలిచింది నేనే కదా.

ఆ ఏడాది చివర ఆమె ఆసుపత్రి పని మానుకుని కూతురి దగ్గరకు వెళ్ళిపోయింది. మాకు చెప్పకుండానే వెళ్ళింది.

మా సంఘంలో ఏడు ఇళ్ళు ఆదివారాలు ఇంకో గుడికి పోవడం మొదలుపెట్టాయి. మార్కెట్టులో అక్క ఎదురైతే బిడ్డ బుగ్గ పుణికి, "ఎంత పొడుగైపోయినాడప్పా వీడు," అనేది. నేనూ నవ్వేదాన్ని. ఇద్దరం కొత్తిమీర ఏరుకుని చెరో పక్కకు పోయేవాళ్ళం. ఏడాదిన్నరకు బిషప్పుగారు మా ఆయన్ని కోలారు పక్క ఒక పల్లె సంఘానికి మార్చారు. తప్పని ఒక్క మాట అనలేదు. "నీకూ కొంచెం విశ్రాంతి," అన్నారు. మేం వెళ్ళిన నెలలోపే కొత్త అయ్యగారు గ్లాసులు బయటికి తీశారనీ, ఏడు ఇళ్ళూ తిరిగొచ్చాయనీ, బడిగది తాళం తీశారనీ, కూటం మళ్ళీ జరుగుతోందనీ తెలిసింది. బీదవాళ్ళకు కూటం దొరికింది, సంఘం ఒక్కటైంది. మా ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి, "మంచిదేగా," అన్నారు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆయన ముఖంలోకి చూశాను. లేదు.

అరవైలు సగం దాటాక, ఏదో పనిమీద బెంగుళూరు వచ్చినప్పుడు, దొడ్డబళ్ళాపురం వెళ్దాం అన్నారు ఆయన ఉన్నట్టుండి. బస్సులో దారిపొడుగునా ఏదో లోలోపల చెప్పుకుంటూ వచ్చారు. పెదవులు కదులుతున్నాయి. ప్రసంగానికి ముందు ఆయనకు ఆ అలవాటు ఉండేది.

మరమగ్గాల షెడ్డులు అడుగుతూ అడుగుతూ పోతే, ఒక షెడ్డు వెనక గదిలో ఆమె కనబడింది. జుట్టు సగం నెరిసింది. ముందొక చక్రం పెట్టుకుని పట్టుదారం కండెలకు చుడుతోంది. మమ్మల్ని గుర్తుపట్టి గబగబా లేచింది. ముఖమంతా వికసించింది.

"ఎన్నేండ్లయింది తల్లీ! బాబు బాగుండాడా? ఏం చదవతాండాడు?"

గోడ అవతల పదో పన్నెండో మగ్గాలు ఒక్కసారిగా ఆడుతున్నాయి. నేల అదురుతోంది. చెవిలో అరిస్తే తప్ప మాట వినబడదు. ఆమెకు, పక్కన కండెలు అందిస్తున్న ఆమె మనవరాలికి అది అలవాటే. మేం ముగ్గురం గొంతు చించుకుని బిడ్డ చదువు గురించి, ఆమె అల్లుడి గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. ఇక్కడ గుడికి పోతున్నావా అని నేను అరిచాను. "గుడి ఉండాది. పోలా," అని అరిచింది, నవ్వుతూనే.

మా ఆయన స్టూలుమీద ముందుకు వంగి, ఆమె ముఖంలోకి చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. బస్సులో కూడగట్టుకున్న మాటలు అవి. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, ఆ మాటలు అరిచి చెప్పేవీ కావు. పెదవులు కదలడం కనబడింది. "క్షమించు" అన్నది నాకు తెలిసింది, ఆయన పెదవులు నాకు అలవాటు కాబట్టి.

ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగింది.

"ఏమన్నారు అయ్యగారూ? సద్దు! వినపళ్ళా!"

ఆయన ఆమెను చూశారు. మళ్ళీ నోరు తెరిచారు. నేను ఆమె చెవి దగ్గరకు వంగి ఆ మాట చెప్పి ఉండొచ్చు. అది ఆయన చెప్పాల్సిన మాట అనుకుని ఊరుకున్నాను.

"ఏమీ లేదమ్మా," అని ఆయన అరిచారు. "ఆరోగ్యం ఎట్లుంది అంటున్నా!"

"బాగుండాను అయ్యగారూ! మోకాళ్ళు నొప్పి, అంతే!"

బస్సు నాలుగింటికి ఉందని లేచాం. సందు మలుపుదాకా వచ్చి సాగనంపింది. అక్కడికి వచ్చేసరికి మగ్గాల చప్పుడు తగ్గింది, మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఆయన నిలబడ్డారు. ఆమె నిలబడింది. ఆయన చెప్పులకేసి చూసుకుంటూ, "వస్తామమ్మా," అన్నారు. ఆమె చేతులు జోడించింది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూచున్నారు. యలహంకలో ఎవరో దిగుతుంటే జరిగి చోటిచ్చి, "ఆమెకు వినబడే ఉంటుందంటావా?" అని అడిగారు.

నాకు తెలియదన్నాను.